నిషేధిత జాబితాలో ప్రతి పద్దుకూ కారణం చూపండి: 22ఏ భూములపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రెవెన్యూ, స్టాంపులు–రిజిస్ట్రేషన్ల శాఖల ముఖ్య కార్యదర్శులకు, అన్ని జిల్లాల కలెక్టర్లకు,

అయ్యా, అమ్మా,

రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద, రిజిస్ట్రేషన్ చేయకూడదంటూ మీరు నడుపుతున్న నిషేధిత భూముల జాబితా గురించి ఈ లేఖ రాస్తున్నాం. మాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసేవాళ్లున్నారు, సివిల్ కోర్టుల్లో భూమి దావాలు నడిపే వకీళ్లున్నారు. జాబితా ఎత్తేయమని మేం అడగడం లేదు. ప్రభుత్వ భూమిని, చెరువు శిఖాన్ని, గుడి మాన్యాన్ని ఎవరో అమ్ముకుపోకుండా ఆపడానికి అలాంటి జాబితా ఉండాల్సిందే. మేం అడిగేదల్లా ఒక్కటే: జాబితాలోకి ఎక్కిన ప్రతి పద్దుకూ కారణం, ఆధారం, తేదీ ఉండాలి. అవి లేని పద్దును చూపించి ఎవరి భూమినీ ఆపకూడదు. ఈ మాట మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఇచ్చిన తీర్పు దాదాపు ఇదే చెప్పింది. ఆ తీర్పు ఇప్పటికీ రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ముందు ఈ సెక్షన్ ఎలా వచ్చిందో గుర్తు చేస్తాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో తెచ్చిన పాత 22ఏ ప్రకారం, ప్రజా విధానానికి విరుద్ధమని ప్రభుత్వం నోటిఫై చేసిన దస్తావేజులను రిజిస్టర్ చేయకూడదు. రాజస్థాన్‌లో ఉన్న ఇలాంటి సెక్షన్‌నే 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏది ప్రజా విధానానికి విరుద్ధమో చట్టంలో చెప్పకుండా ఆ అధికారమంతా ప్రభుత్వం చేతిలో పెట్టడం రాజ్యాంగబద్ధం కాదంది. ఆ తర్వాత 2007లో మన శాసనసభ సెక్షన్‌ను తిరగరాసి ఐదు క్లాజులుగా విడగొట్టింది. ఏదైనా చట్టం బదిలీని నిషేధించిన భూములు ‘ఏ’ క్లాజులోకి వస్తాయి, ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూములు ప్రధానంగా ఇందులోవే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొంత భూములు ‘బి’. దేవాదాయ, వక్ఫ్ భూములు ‘సి’. వ్యవసాయ, పట్టణ భూపరిమితి చట్టాల కింద మిగులుగా తేల్చినవి ‘డి’. ప్రభుత్వానికో స్థానిక సంస్థకో ప్రయోజనం ఉందనీ, కోర్టో పన్నుల శాఖో జప్తు చేసిందనీ ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించినవి ‘ఇ’. అంటే ఇష్టం వచ్చినట్టు ఆపే వీలు లేకుండా, ఏ కారణంతో ఆపుతున్నారో చెప్పి తీరాలనే ఈ విభజన చేశారు. జాబితా నడుస్తున్న తీరులో మాత్రం ఆ ఉద్దేశం కనబడటం లేదు.

ఒక పద్దును దగ్గరగా చూద్దాం. మామూలుగా అందులో ఉండేది ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, క్లాజు అక్షరం, ‘ప్రభుత్వ భూమి’ అనో ‘అసైన్డ్’ అనో ఒక ముక్క. అంతే. ఏ ఉత్తర్వు ఆధారంగా ఎక్కించారు? ఎవరు, ఏ రోజు పంపారు? ‘ఏ’ క్లాజైతే ఏ చట్టం నిషేధిస్తోంది? ‘బి’ అయితే భూమి రాష్ట్రానిదా, రైల్వేదా, రక్షణ శాఖదా? సర్వే నంబరు మొత్తమా, అందులో ఏదో ఒక సబ్ డివిజనా? వీటిలో ఒక్కదానికీ చాలా పద్దుల్లో జవాబు దొరకదు. ఫుల్ బెంచ్ తీర్పు సరిగ్గా ఇవే అడిగింది. ప్రతి ఆస్తికీ క్లాజు రాయాలి. ‘ఏ’ క్లాజుకు నిషేధించే చట్టం పేరు రాయాలి. ‘బి’ క్లాజుకు యజమాని ఏ ప్రభుత్వమో చెప్పాలి. ‘సి’ క్లాజుకు దేవాదాయ లేదా వక్ఫ్ రిజిస్టర్ నకలో గెజిట్ నకలో జత చేయాలి. ‘డి’ క్లాజుకు భూపరిమితి చట్టం కింద ఇచ్చిన డిక్లరేషనో ఉత్తర్వో జత చేయాలి. జాబితాలన్నీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. వెబ్‌సైట్‌లో సర్వే నంబర్లు పెట్టిన మాట నిజమే. కాగితాలు మాత్రం పెట్టలేదు.

తప్పులు ఎక్కడ పుడతాయో మీ కింది సిబ్బందికి మాకంటే బాగా తెలుసు. అయినా చెబుతాం, ఎందుకంటే దిద్దుబాటు అక్కడే మొదలవ్వాలి.

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది సర్వే నంబరును గుండుగుత్తగా ఆపడం. 18 ఎకరాల సర్వే నంబరులో 2 ఎకరాలు వాగు పోరంబోకో, ఒకరికిచ్చిన డీ–ఫారం (అసైన్డ్) పట్టానో ఉందనుకోండి. సబ్ డివిజన్ చేసి, కొలతలు తీసి, ఆ రెండెకరాలకు విడిగా నంబరు ఇస్తే జాబితాలో ఆ ముక్కే ఎక్కుతుంది. ఆ పని చేయకుండా జాబితా పంపితే 18 ఎకరాలూ ఆగిపోతాయి. మిగతా 16 ఎకరాల పట్టాదారులు తరతరాలుగా శిస్తు కట్టినవాళ్లయినా సరే, కూతురి పెళ్లికి అరెకరం అమ్ముకోలేరు.

రెండోది పాత రికార్డును ఒక్క గడి చూసి చదవడం. ఆంధ్ర ప్రాంతంలో రీ సెటిల్మెంట్ రిజిస్టర్ (బ్రిటిష్ కాలపు భూమి రికార్డు) పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు ఉంటే, ఆ భూమి ప్రభుత్వానిదేనని జాబితాలో పెట్టేశారు. అదే భూమికి ఏళ్ల తరబడి సాగు రికార్డు అడంగల్‌లో అనుభవదారు పేరుందా, పాత రిజిస్టర్డ్ దస్తావేజులున్నాయా అన్నది చూడలేదు. ఈ చుక్కల భూముల కోసమే 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. తెలంగాణలో పాత సర్వే రికార్డు సేత్వార్‌లో ఒక మాట, 1954–55 నాటి హక్కు, సాగు రికార్డు ఖాస్రా పహాణీలో ఇంకో మాట ఉన్నప్పుడు రెండూ చూసి తేల్చాలి. ఒక పహాణీలో ‘సర్కారీ’ అని కనిపిస్తే చాలు, జాబితాకు ఎక్కించేస్తున్నారు.

మూడోది తేదీని పట్టించుకోకపోవడం. అసైన్డ్ భూములన్నీ ఒకటి కావు. అమ్మకూడదన్న షరతు ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి ఉత్తర్వుతో, తెలంగాణలో 1958 జూలై 25 నాటి ఉత్తర్వుతో వచ్చింది. అంతకుముందు షరతు లేకుండా ఇచ్చిన పట్టాలకు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తించదని హైకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. తెలంగాణలో ధర కట్టి తీసుకున్న పాత లావణి (ప్రభుత్వ భూమి కేటాయింపు) పట్టాలదీ ఇదే కథ. మాజీ సైనికులకు ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లోనే ఉత్తర్వు ఉంది. పద్దులో పట్టా ఇచ్చిన తేదీ, ఏ కోటాలో ఇచ్చారో రాసి ఉంటే ఇందులో సగం గొడవ ఉండేది కాదు. తేదీ గడే లేని జాబితాలో 1951 పట్టా, 1981 పట్టా ఒకే గాటన పడిపోతున్నాయి.

ఇక డేటా ఎక్కించే దగ్గర వచ్చే తప్పులు. తెలంగాణలో ఎకరాకు 40 గుంటలు. కాగితం మీద 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. కంప్యూటర్ దాన్ని దశాంశంగా లెక్కేస్తే విస్తీర్ణం కుదరదు. కుదరని చోట మొత్తం నంబరునే ఆపేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే తర్వాత సర్వే నంబర్లు పోయి, ల్యాండ్ పార్సిల్ మ్యాప్ పేరుతో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పాత నంబరు మీదున్న నిషేధం కొత్త నంబర్లలో దేనికి వర్తిస్తుందో తేల్చకుండా అన్నిటికీ అంటించిన ఊళ్లున్నాయి. ఇద్దరు ముగ్గురిని కలిపి జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చిన చోట, ఒకరి ముక్కకు ఉన్న నిషేధం పక్కవాళ్ల మెడకూ చుట్టుకుంటోంది.

ఇప్పుడు ఆఫీసులో ఏం జరుగుతుందో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దస్తావేజును తిరస్కరించే సబ్ రిజిస్ట్రార్ కారణాలను రెండో నంబరు పుస్తకంలో రాయాలి. దస్తావేజు మీద ‘రిజిస్ట్రేషన్ తిరస్కరించడమైనది’ అని ఎండార్స్ చేయాలి. అడిగితే కారణాల నకలు రుసుము లేకుండా, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. ఆ ఉత్తర్వు చేతికొస్తే 72వ సెక్షన్ కింద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 77వ సెక్షన్ కింద 30 రోజుల్లో సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. మొత్తం రక్షణ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉంది. ఆ కాగితమే పుట్టడం లేదు. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్. స్లాట్ బుక్ చేసేటప్పుడే పోర్టల్ ‘నిషేధిత’ అని ఆపేస్తుంది. ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, కానీ స్లాటే దొరకనివాడికి పోర్టల్ పేరు మారినందువల్ల ఒరిగిందేమీ లేదు. దస్తావేజు సమర్పించడమే జరగదు కాబట్టి తిరస్కరించినట్టు రికార్డు ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో సర్వే నంబరు కొట్టి చూసి, ‘22ఏలో ఉందండీ, కలెక్టరాఫీసుకు వెళ్లండి’ అని నోటిమాటతో పంపేస్తారు. నోటిమాట మీద అప్పీలు వేయడం ఎవరి తరమూ కాదు.

ఈలోపు గడువులు పరుగెడతాయి. సంతకాలు పెట్టిన దస్తావేజును 23వ సెక్షన్ ప్రకారం నాలుగు నెలల్లో సమర్పించాలి. తర్వాత ఇంకో నాలుగు నెలల దాకా, రిజిస్ట్రేషన్ రుసుముకు పది రెట్లకు మించని జరిమానాతో అనుమతించవచ్చు. ఆ తర్వాత మళ్లీ కొత్త దస్తావేజే. అమ్మినాయన ఈలోపు చనిపోతే వారసులందరూ వచ్చి సంతకాలు పెట్టాలి, వాళ్లలో ఒకరు కాదన్నా ఆగిపోతుంది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి రెండు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం. 20 లక్షల భూమికి లక్షన్నర. చలానా కట్టేశాక ఆగితే ఆ డబ్బు వెనక్కి రాబట్టడానికి ఇంకో ఆఫీసు చుట్టూ తిరగాలి, దానికీ గడువుంది.

ఇంకో సంగతి. ‘బి’, ‘సి’ క్లాజుల్లో చట్టం చెప్పింది అమ్మకం, అమ్మకపు ఒప్పందం, దానం, మార్పిడి, కౌలు గురించి. భాగపంపకం, వీలునామా ఆ మాటల్లో లేవు. అసైన్డ్ భూముల చట్టంలో కూడా ‘బదిలీ’ నిర్వచనం నుంచి వీలునామాను స్పష్టంగా తప్పించారు. సహకార సంఘాలకూ షెడ్యూల్డు బ్యాంకులకూ చేసే తనఖాకు మినహాయింపు ఉంది. అయినా కంప్యూటర్ దస్తావేజు రకం చూడదు, సర్వే నంబరు చూసి ఆపేస్తుంది. పంట రుణానికి తనఖా పెట్టుకోవాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా ఇదే గోడ. చట్టం నిషేధించని దస్తావేజును సాఫ్ట్‌వేర్ నిషేధిస్తోంది. దీన్ని సరిచేయడానికి చట్ట సవరణ అక్కర్లేదు. దస్తావేజు రకాన్నిబట్టి ఆపేలా ప్రోగ్రాం మార్చమని మీరు ఆదేశిస్తే చాలు.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్తున్నారు. ఆ దారి మామూలు మనిషికి ఎంత పొడుగో చూడండి. హైకోర్టులో రిట్ వేస్తే చాలాసార్లు వచ్చే ఉత్తర్వు, ‘పిటిషనర్ అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించి నిర్ణయం తీసుకోండి’ అని. అర్జీ మళ్లీ కలెక్టరేట్‌కే చేరుతుంది. అక్కడి నుంచి నివేదిక కోసం ఆర్డీవోకి, తహసీల్దారుకు, వీఆర్వోకో సర్వేయరుకో దిగి, అదే మెట్లమీదుగా పైకెక్కాలి. గడువు దాటితే కోర్టు ధిక్కరణ పిటిషన్ వేయాలి, అదీ ఏడాదిలోపే. సివిల్ దావా వేద్దామంటే ప్రభుత్వం ప్రతివాది కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసివ్వాలి. లేదా అత్యవసరమని కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. హక్కు ప్రకటన కోరితే భూమి విలువనుబట్టి కోర్టు ఫీజు. పొరపాటు చేసింది ప్రభుత్వ కార్యాలయం, దాన్ని రుజువు చేసే ఖర్చంతా రైతుది. ఆంధ్రప్రదేశ్ భూహక్కు చట్టం వచ్చినప్పుడు సివిల్ కోర్టుల తలుపు మూసేస్తున్నారని వకీళ్లు నెలల తరబడి ఆందోళన చేశారు, 2024లో ఆ చట్టం రద్దయింది. 22ఏ జాబితా ఏ తలుపూ మూసినట్టు కనిపించదు గానీ, తలుపు దాకా వెళ్లే కాగితాన్ని ఇవ్వదు. అందుకే దీని మీద అంత గట్టిగా గొంతు లేవలేదేమోనని మా అనుమానం.

ఫుల్ బెంచ్ దీనికి దగ్గరి దారి చూపించింది. ‘ఏ’ నుంచి ‘డి’ దాకా ఉన్న పద్దులను తొలగించమని లేదా సవరించమని ఆ జాబితా పంపిన అధికారికే అర్జీ పెట్టుకోవచ్చు. ఆరు వారాల్లో ఉత్తర్వు ఇచ్చి నకలు అందజేయాలి. జాబితా, రిజిస్టరు, గెజిట్ నకళ్లు అడిగితే రిజిస్ట్రేషన్ అధికారి పది రోజుల్లో ఇవ్వాలి. ‘ఇ’ క్లాజు మీద ఫిర్యాదులకు రెండు ప్రభుత్వాలూ ఎనిమిది వారాల్లో కమిటీలు వేయాలి. జాబితా ఎవరు పంపాలో చెప్పే మార్గదర్శకాల్లో పేర్కొన్న అధికారి కాకుండా వేరెవరో నేరుగా పంపిన ఉత్తరం ఆధారంగా రిజిస్ట్రేషన్ ఆపకూడదు. అంటే, కలెక్టరు పంపాల్సిన భూమికి తహసీల్దారు రాసిన ఉత్తరం సరిపోదు. ఇందులో ఆరు వారాల గడువే అన్నిటికంటే ఎక్కువగా ఉల్లంఘనకు గురవుతోంది. అర్జీ అందినట్టు రసీదు ఇస్తారు, నిర్ణయం మాత్రం రాదు.

ఆ తీర్పులో ఒక్క అంశం మాకు సంతృప్తినివ్వలేదని చెప్పడం మా బాధ్యత. మొదటి నాలుగు క్లాజులకు గెజిట్ నోటిఫికేషన్ అవసరం లేదంది. సెక్షన్ మాటలు చూస్తే ఆ అర్థం సరైనదే కావచ్చు. ఫలితం మాత్రం, ఎక్కువ భూములున్న ఈ నాలుగు క్లాజుల్లో పట్టాదారుకు ముందుగా తెలిసే మార్గమే లేకుండా పోయింది. అమ్మబోయేనాడు తెలుస్తుంది. రాజ్యాంగంలోని 300ఏ అధికరణం ఇచ్చే ఆస్తి హక్కులో ముందుగా నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో ఉత్తర్వు కూడా భాగమేనని భూసేకరణ కేసులో సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. 22ఏలో భూమిని సేకరించరు, నిజమే. కానీ అమ్ముకోలేని, తనఖా పెట్టుకోలేని, పంచుకోలేని భూమి చేతిలో ఉండి ప్రయోజనమేమిటి? టైటిల్ రుజువు చూపకపోతే తిరస్కరించవచ్చన్న తమిళనాడు రిజిస్ట్రేషన్ నియమాన్ని 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది. హక్కు ఎవరిదో తేల్చడం రిజిస్ట్రేషన్ అధికారి పని కాదంది. ఆధారం లేని పద్దుతో మీరు సబ్ రిజిస్ట్రార్ చేత చేయిస్తున్నది ఆ పనే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. తప్పులు ఎక్కువయ్యాయని ఊళ్లకు ఊళ్లు ఒక్క సంతకంతో జాబితా నుంచి తీసేయడం పరిష్కారం కాదు. అసైన్డ్ చట్టం ఉన్నది దళితులు, గిరిజనులు, భూమిలేని పేదల చేతిలోని ఎకరం రెండెకరాలు అప్పుల కింద పెద్దవాళ్ల చేతికి పోకుండా. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులిచ్చి జాబితా నుంచి తప్పించారు. 2024లో అక్రమాలు బయటపడి ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపాల్సి వచ్చింది. ముందే సంగతి తెలిసినవాళ్లు పేదల దగ్గర అగ్రిమెంట్లు రాయించుకుంటే, జాబితా నుంచి తీసిన మరునాడే భూమి చేతులు మారుతుంది. చేర్చడానికి ఎంత విచారణ కావాలో తీసేయడానికీ అంతే కావాలి: పద్దు పద్దుగా, అసైనీ పేరు, ప్రస్తుతం సాగులో ఉన్నవాళ్ల పేరు ఎదురెదురుగా పెట్టి.

అందుకే మా అభ్యర్థనలు ఇవి. జాబితాలో ప్రతి పద్దు ఎదురుగా క్లాజు, నిషేధించే చట్టం, ఆధార పత్రం నంబరు, తేదీ, పంపిన అధికారి హోదా, సబ్ డివిజన్‌తో సహా కచ్చితమైన విస్తీర్ణం కనబడాలి. ఆధార పత్రం స్కాన్ చేసి అక్కడే పెట్టాలి. ఇందుకు జిల్లాకో గడువు ప్రకటించండి. గడువు దాటినా ఆధారం చూపలేని పద్దు ఉంటే, పట్టాదారుకు నోటీసిచ్చి నెలలోగా విచారణ ముగించండి. కొత్తగా ఏ భూమినైనా చేర్చే ముందు 1బి (పట్టాదారుల ఖాతా రికార్డు) లేదా పహాణీలో పేరున్న మనిషికి నోటీసు, పంచాయతీ ఆఫీసు బోర్డు మీద తెలుగులో ప్రకటన ఉండాలి. పోర్టల్ స్లాట్ నిరాకరించినప్పుడు అప్పటికప్పుడే కారణంతో, తేదీతో, 71వ సెక్షన్ కింద ఉత్తర్వుగా చెల్లే కాగితం బయటకు రావాలి. ఆరు వారాల గడువు ఏ కలెక్టరేట్‌లో ఎన్ని అర్జీలకు దాటిందో నెలనెలా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. కోర్టు జప్తు ఎత్తేసిన ఉత్తర్వు అందిన పది రోజుల్లో ఆ పద్దు తీసేయడం రిజిస్ట్రేషన్ శాఖ బాధ్యత చేయండి. కక్షిదారు చేత ఇంకో అర్జీ పెట్టించొద్దు.

సబ్ డివిజన్ చేయకుండా మొత్తం నంబరు ఆపిన చోట కొలతల ఖర్చు పట్టాదారు మీద వేయకండి. ఆ కొలతలు జాబితా పంపేనాటికే మీరు తీయించి ఉండాల్సినవి. మండల సర్వేయర్ల కొరత వల్ల అన్నీ ఒక్కసారిగా కావని మాకు తెలుసు. ఒకే నంబరులో ఎక్కువమంది చిన్న రైతులు చిక్కుకున్న ఊళ్ల నుంచి మొదలుపెట్టండి. ఏ సర్వే నంబరు ఎన్ని ఖాతాలను ఆపుతోందో మీ 1బి, పహాణీ డేటాలోనే ఉంది, ఒక్కరోజులో తీయించవచ్చు. ఆ వరుసక్రమాన్ని ముందే ప్రచురిస్తే తమ ఊరి వంతు ఎప్పుడో రైతుకు తెలుస్తుంది, దళారీకి డబ్బిచ్చి ముందుకు జరుపుకోవాల్సిన పని ఉండదు.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో దస్తావేజులు రాసే, భూమి కేసులు వాదించే కొందరం